కోతి జ్వరం మ్యాప్‌లో కొత్త జిల్లా చేరితే, జబ్బు అక్కడికి కొత్తగా వచ్చినట్టేనా?

జీఐఎస్_అనంతపురం:
అందరికీ నమస్కారం. మైసూరులో ఎమ్మెస్సీ జాగ్రఫీ చదువుతున్నాను. క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్, అదే కోతి జ్వరం, ఎక్కడ మొదలై ఎటెటు పాకిందో చూపించే మ్యాప్ నా ప్రాజెక్టు. పిడుదులు (గోమార్లు) కుట్టడం వల్ల వచ్చే వైరస్ జబ్బు ఇది. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో బయటపడింది, తర్వాత చాలా ఏళ్లు ఉత్తర కన్నడ, చిక్కమగళూరు, ఉడుపి, దక్షిణ కన్నడ దాటలేదు. అలాంటిది 2012లో చామరాజనగర్, 2013లో కేరళలోని వయనాడ్, 2014లో అక్కడే మలప్పురం, 2015లో గోవా, 2016లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్. ఏడాది వారీగా రంగులు వేసి కదిలిస్తే, అన్నేళ్లు ఒకేచోట ఉన్న జబ్బు నాలుగైదేళ్లలో పడమటి కనుమలంతా దూకేసినట్టు కనిపిస్తోంది. మా గైడ్ చూసి ఒకే మాట అడిగారు: "జబ్బు దూకిందా, మనం వెతకడం మొదలుపెట్టామా?" దీన్ని ఎలా తేల్చాలో తెలిసినవాళ్లు చెప్పండి.

అడవి_ల్యాబ్:
మీ గైడ్ సరైన చోట పట్టుకున్నారు. 2012 దగ్గర ఒక గీత గీసుకోండి, ఎందుకంటే సరిగ్గా ఆ సమయంలోనే పరీక్షలు మారాయి. అంతకుముందు రోగి రక్తాన్ని ఎలుక పిల్లలకు ఎక్కించి వైరస్ పెరుగుతుందేమో చూసేవాళ్లు, దానికి రోజులు పట్టేది, అందరూ చేయగలిగేదీ కాదు. 2012 ప్రాంతంలో పుణే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ ఆర్‌టీ పీసీఆర్ (రక్తంలో వైరస్‌నే పట్టేది), ఐజీఎమ్ ఎలైసా (వైరస్‌కి ఎదురుగా ఒంట్లో పుట్టే యాంటీబాడీలను పట్టేది) పరీక్షలు తెచ్చింది, బీఎస్ఎల్-4 ల్యాబ్ (అతి ప్రమాదకర వైరస్‌ల కోసం గట్టి భద్రతతో కట్టింది) కూడా అక్కడ అప్పుడే మొదలైంది. కాబట్టి ఆ తర్వాత చేరిన జిల్లాల్లో కొన్నిటికి జబ్బు ముందే ఉండి, పేరు తెలియని జ్వరంగా పోయి ఉండొచ్చు.

అలాగని అంతా పరీక్షల పుణ్యమే అనుకోవద్దు. చామరాజనగర్ సంగతి చూడండి. 2012 చివర్లో బందీపూర్ వైపు కోతులు చచ్చిపోయాయి, ఆ కళేబరాలను ముట్టుకున్న, కాల్చిన మనుషులకే జ్వరం వచ్చింది. అడవి సిబ్బంది రోజూ తిరిగే టైగర్ రిజర్వ్ అది, అంతకుముందు కోతులు అలా గుంపులుగా చస్తే ఎవరో ఒకరి కంటపడేది. వయనాడ్‌లో 2015లో కేసులు వంద దాటాయి, అన్ని కేసులు ఏటా వస్తూ ఉంటే స్థానిక డాక్టర్లకు అనుమానం రాకుండా ఉండదు. అందుకే జిల్లాలన్నిటికీ కలిపి ఒకే జవాబు చెప్పలేం, ప్రతి జిల్లాకూ విడిగా తీర్పు ఇవ్వాల్సిందే.

ఆ తీర్పుకు మనుషుల కేసులొక్కటే చాలవు. ఈ వైరస్‌కి మనిషి చివరి మెట్టు, మనిషి నుంచి ఇంకొకరికి పోదు. అడవిలో దాన్ని తిప్పేవి పిడుదులు, చిన్న ఎలుక జాతులు, కోతులు. హెమాఫిసాలిస్ స్పినిజెరా అనే పిడుదు ముఖ్యమైనది, దాని పిల్ల దశ (ఆరుకాళ్ల లార్వా తర్వాతది, ఎనిమిది కాళ్లుంటాయి) నువ్వు గింజంత కూడా ఉండదు, డిసెంబరు నుంచి మే దాకా మనిషిని కుట్టేది ఎక్కువగా అదే. మేం తెల్ల ఫ్లానెల్ గుడ్డ కర్రకు కట్టి ఎండుటాకుల మీద మెల్లగా ఈడుస్తాం, కొన్ని అడుగులు వేసి తిరగేసి చూస్తే గోధుమ రంగు చుక్కలు పాకుతుంటాయి, వాటిని పట్టకారుతో ఏరి సీసాల్లో వేసి, చోటు, తేదీ రాసి, గుంపులుగా పరీక్షకు పంపుతాం. ఒక ఊళ్లో మనిషికి జబ్బు రాకముందే పిడుదుల్లో వైరస్ దొరికితే ఆ చుక్క వేరే రంగులో ఉండాలి. చచ్చిన కోతి చుక్కకు మరో రంగు.

మలెనాడు_కోడలు:
మా అత్తగారిది సాగర తాలూకా, మాకు వక్కతోట ఉంది. ఇక్కడ మంగన కాయిలె (కోతి జ్వరానికి కన్నడ పేరు) అంటే అందరికీ భయమే. 2018 చివర్లో అరళగోడు చుట్టుపక్కల చాలామందిని పొట్టనబెట్టుకుంది. ఒక్క మాట చెప్పాలని వచ్చాను బాబూ. జనం ఆసుపత్రిలో రాయించే ఊరు వేరు, పిడుదు కుట్టిన చోటు వేరు. ఎండుటాకులు పోగు చెయ్యడానికి, పశువుల్ని తోలుకెళ్లడానికి పక్క ఊరి అడవికి పోతారు, జీడితోటల్లో పనికి జిల్లా దాటి, రాష్ట్రం దాటి కూడా వెళ్తారు. జ్వరం బయటపడటానికి మూడు రోజుల నుంచి వారం పడుతుంది, ఈలోగా మనిషి ఇంటికి తిరిగొచ్చేస్తాడు. మీ మ్యాప్‌లో చుక్క ఇంటి దగ్గర పడుతుంది, అసలు చోటు తప్పించుకుంటుంది. జ్వరానికి ముందు వారం రోజులూ ఏ పనికి, ఎక్కడికి వెళ్లారో అడిగి రాసుకున్న లెక్క ఉంటే దాన్నే నమ్మండి.

ఇంకోటి. కోతి చచ్చిందని ఫోన్ చేస్తే మనుషులు వచ్చి చుట్టూ మలాథియాన్ అనే పురుగుమందు పొడి చల్లేవాళ్లు, అడవికి పోయేవాళ్లకు పిడుదులు కుట్టకుండా ఒంటికి రాసుకునే డీఎంపీ నూనె ఇచ్చేవాళ్లు. రోడ్డు పక్క ఊళ్లలో ఈ ఫోన్లు ఎక్కువ, లోపలి ఊళ్లలో సిగ్నలే ఉండదు. అక్కడ కోతులు చావలేదని రాసేయొద్దు.

పశువైద్యం_ప్రకాశం:
మేడమ్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. పశువుల సంగతీ కలపండి. ఆవులు, గేదెలు వైరస్‌ని పెద్దగా పెంచవు, కానీ పెద్ద పిడుదులకు రక్తం దొరికేది వాటి మీదే, కాబట్టి అడవి అంచున మేత పెరిగితే పిడుదుల సంఖ్యా పెరుగుతుంది. పిడుదు తనంతట తాను కొన్ని గజాలు మించి పోలేదు, దాన్ని మోసుకెళ్లే జంతువును బట్టే దూరం. అందుకే అడవిని నరికి తోటలు వేసిన అంచులు, మేత దారులు మ్యాప్‌లో వేసి చూడండి. 1980ల మొదట్లో దక్షిణ కన్నడలో వచ్చిన పెద్ద ఉపద్రవాన్ని కూడా జీడితోటల కోసం అడవి కొట్టడంతో ముడిపెట్టి చెప్తారు.

జీఐఎస్_అనంతపురం:
అందరికీ థాంక్స్. మా ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు, ఆంధ్రాలో స్క్రబ్ టైఫస్ అని వార్తలు వచ్చాయి కదా, అదీ ఇదీ ఒకటేనా? నల్లమలకి ఇది వస్తుందా?

అడవి_ల్యాబ్:
ఒకటి కాదు. స్క్రబ్ టైఫస్ బ్యాక్టీరియా జబ్బు, మైట్లు అనే అతి చిన్న పురుగుల పిల్లలు కుడితే వస్తుంది, కుట్టినచోట కొందరికి మాడిన నల్ల మచ్చ పడుతుంది, డాక్సీసైక్లిన్ వేళకు ఇస్తే తగ్గుతుంది. కోతి జ్వరం వైరస్, దాన్ని చంపే మందు లేదు, ద్రవాలు ఎక్కిస్తూ, రక్తస్రావం చూసుకుంటూ కాపాడుకోవాలి, వందమందిలో ముగ్గురి నుంచి ఐదుగురు చనిపోతారు. పాత టీకా సరిగా పనిచేయడం లేదని 2022లో ఆపేశారు, కొత్తదాని పనిలో ఐసీఎమ్ఆర్‌తో (కేంద్ర వైద్య పరిశోధన మండలి) పాటు మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఉంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ జబ్బు వ్యాపించిన దాఖలా లేదు, ఇంట్లోవాళ్లను టెన్షన్ పడొద్దని చెప్పండి. నల్లమలకు రంగు వేసే ముందు ఒక్కటి గుర్తుంచుకోండి, కచ్, అండమాన్‌లలో కూడా మనుషుల రక్తంలో ఈ వైరస్‌కి యాంటీబాడీలు దొరికాయి, జబ్బు మాత్రం కనిపించలేదు. దగ్గరి చుట్టరికం ఉన్న వేరే వైరస్ తగిలినా పరీక్ష అలాగే చూపించొచ్చు. అందుకని యాంటీబాడీలు మాత్రమే దొరికిన చోటును కేసుల రంగులో వేయకండి, ఉత్త గీతలతో వదిలేయండి.

మలెనాడు_కోడలు:
జిల్లా మొత్తానికి రంగు పులమకు బాబూ. మా తాలూకాలో కొన్ని ఊళ్లకి ఒక్క కేసూ రాలేదు, ఆ రంగు చూసి వాటికి పెళ్లి సంబంధాలు కూడా తప్పిపోయే రోజులివి. గ్రామ పంచాయతీ దాకా వివరాలు దొరికిన ఏళ్లనే కదిలించు, మిగతా ఏళ్లని పట్టికగా పెట్టు.