1965 ఇంపాలా: ఇది పవర్‌గ్లైడా, టర్బోనా? ఎలా తేల్చాలి?

ఇంపాలా65 (సాలిగ్రామం, చెన్నై)

అందరికీ నమస్కారం. మా మామగారి 1965 షెవర్లే ఇంపాలా ఇప్పుడు మా దగ్గరికొచ్చింది. వీ8, రైట్ హ్యాండ్ డ్రైవ్, ఆటోమేటిక్. తెల్లారేసరికి గేర్‌బాక్స్ కింద అరచెయ్యంత ఎర్రటి మరక పడుతోంది. లీవర్ దగ్గర పి, ఆర్, ఎన్, డి, ఎల్ అని ఐదే ఉన్నాయి కాబట్టి పవర్‌గ్లైడ్ (షెవర్లే పాత రెండు గేర్ల ఆటోమేటిక్ బాక్స్) అని చెప్పి షెడ్డువాళ్లు దాని గాస్కెట్ తెప్పించారు. తీరా పాన్‌కి (బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తట్ట) ఆనిస్తే హోల్స్ కలవడం లేదు. ‘ఎవరో బాక్స్ మార్చేశారు సార్’ అంటున్నాడు మెకానిక్. ఆర్సీలో గేర్‌బాక్స్ ఊసే ఉండదు కదా. దించకుండా తేల్చే దారి ఉందా? మామగారు ప్రాణంలా చూసుకున్న బండి, తెలిసీ తెలియక చెయ్యి పెట్టడం ఇష్టం లేదు.

పెరంబూర్ పాతబండి

ముందు పాన్ చుట్టూ హోల్స్ లెక్కపెట్టండి సార్. జీఎం (జనరల్ మోటార్స్, షెవర్లే మాతృసంస్థ) బాక్సుల్లో సగం సంగతి అక్కడే తేలిపోతుంది. అల్యూమినియం పవర్‌గ్లైడ్‌కి 14. మూడు గేర్ల టర్బో 350కి 13, టర్బో 400కి కూడా 13. తర్వాత వచ్చిన నాలుగు గేర్ల 700ఆర్4 అయితే 16. బోల్టు తలకాయలు లెక్కపెట్టి ఊరుకోకండి, ఇన్నేళ్లలో ఒకటి ఊడిపోయి ఉండొచ్చు.

13 వస్తే ఆకారం చూడాలి. 350 పాన్ ఇంచుమించు చతురస్రంగా ఉండి, వెనక ఒక మూల కోసేసినట్టు ఉంటుంది. 400 పాన్ అడ్డదిడ్డంగా ఉంటుంది, ఏ అంచూ ఇంకో అంచుతో పోలదు. పవర్‌గ్లైడ్ అయితే కేస్ పక్కన ఆ పేరే పోత పోసి ఉంటుంది. జిడ్డు పేరుకుపోయి కనపడకపోతే కిరోసిన్, వైర్ బ్రష్ పెట్టి రుద్దండి.

లీవర్ దగ్గరి అక్షరాలు స్టీరింగ్ కాలమ్‌వి, బాక్స్‌వి కావు. బాక్స్ మార్చినవాళ్లు ఆ ప్లేటు మార్చడం నేను చాలా అరుదుగా చూశాను.

ఒక్క జాకీ నమ్ముకుని బండి కిందకి దూరకండి. స్టాండ్లు వేసి, చక్రాలకి చెక్కలు పెట్టాకే. పాత బాక్సుల్లో పి మీద పెట్టినా బండి నిలవకపోవచ్చు.

టీనగర్ వీ8

పైన అన్నది అక్షరాలా నిజం. ఇంకొకటి కలుపుతాను. 65 ఇంపాలాకి ఫ్యాక్టరీలో వచ్చిన ఆటోమేటిక్ బాక్సులు రెండే: పవర్‌గ్లైడ్, ఆ ఏడాది మధ్యలో వచ్చిన 396 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌తో టర్బో 400. టర్బో 350 వచ్చిందే 1969 మోడళ్లతో. కాబట్టి మీ పాన్ మూల కోసినట్టు ఉంటే అది ఎవరో తర్వాత ఎక్కించిందే, అందులో అనుమానం లేదు.

ఎందుకు ఎక్కిస్తారంటే, పవర్‌గ్లైడ్‌కి ముందుకి రెండే గేర్లు. లో గేర్ రేషియో 1.82, కొన్నిటికి 1.76. టర్బో 350కి మూడు గేర్లు, ఫస్ట్ 2.52. ఇంత బరువున్న బండి సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. పైగా వెనక గొట్టం (తోక) పొట్టిగా ఉన్న 350 పొడవు పవర్‌గ్లైడ్‌తో ఇంచుమించు సమానం. ప్రొపెల్లర్ షాఫ్ట్ కొయ్యక్కర్లేదు.

ఈసీఆర్ డ్రైవర్

నడిపి చూస్తే సరిపోతుంది కదన్నా? పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద డిలో పెట్టి మెల్లగా తొక్కండి. ఒక్కసారి గేర్ మారితే పవర్‌గ్లైడ్, రెండుసార్లు మారితే టర్బో.

టీనగర్ వీ8

రెండుసార్లు మారితే మాత్రం నమ్మొచ్చు తమ్ముడూ. ఒక్కసారే మారితే నమ్మకూడదు. పవర్‌గ్లైడ్ కాలమ్‌కి టర్బో బిగించినప్పుడు లింకేజీ (లీవర్‌ని బాక్స్‌కి కలిపే రాడ్లు) సరిగ్గా కుదర్చకపోతే, పైన ముల్లు డి దగ్గర ఉన్నా లోపల బాక్స్ 2లో ఉండిపోవచ్చు. అప్పుడు ఫస్ట్ నుంచి సెకండ్‌కి ఒక్క మార్పే తెలుస్తుంది, థర్డ్ ఎక్కదు. అలా ఈసీఆర్ మీద మహాబలిపురం దాకా లాగిస్తే పాపం ఇంజిన్.

జేసీ రోడ్ (బెంగళూరు)

అమెరికన్ మాన్యువల్ పక్కన పెట్టుకుని వెతికేవాళ్లకి ఒక మాట. అందులో డ్రైవర్ సైడ్ అంటే ఎడమ. మన బండ్లలో డ్రైవర్ కుడివైపు. ఎప్పుడూ బండి వెనక నిలబడి ముందుకి చూస్తున్నట్టు కుడి, ఎడమ అనుకోండి. టర్బో 350లో వాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో గేర్ మార్పు సర్దే చిన్న డబ్బా) కుడివైపు, బాగా వెనక ఉంటుంది. కిక్‌డౌన్ (పెడల్ అడుగుదాకా తొక్కితే కింది గేర్ పడడం) కోసం కార్బురేటర్ నుంచి కేబుల్ వస్తుంది. టర్బో 400కి కేబుల్ ఉండదు, ఎడమవైపు కరెంటు కనెక్టర్ ఉంటుంది. పవర్‌గ్లైడ్‌కి కార్బురేటర్ వైపు నుంచి ఇనుప రాడ్ దిగుతుంది.

పాత బెంజి (అన్నానగర్)

మాది మెర్సిడెస్ 123 బాడీ 300డీ. మాకు పాన్ లెక్కలతో పని లేదు. పాన్ అంచుకి కాస్త పైన కేస్ మీద 722తో మొదలయ్యే నంబరు కొట్టి ఉంటుంది. చుక్క తర్వాత 1 ఉంటే పాత రకం, 3 ఉంటే 80ల రకం. అంకెలు అరిగిపోతే సుద్దముక్క రుద్ది టార్చ్ పక్కనుంచి వెయ్యండి, తెల్లగా తేలతాయి. ఏ కంపెనీ బాక్స్ మీద నంబరుకైనా ఇది పనికొస్తుంది.

పెరంబూర్ పాతబండి

ఆయిల్ గురించి కూడా చెప్పేస్తాను, కొత్తవాళ్లకి అవసరం. మీది ఈ జీఎం బాక్సుల్లో ఏదైనా డెక్స్‌రాన్ రకం ఆయిలే, కంగారు లేదు. ఫోర్డ్ పాత సీ4, సీ6లకి మాత్రం టైప్ ఎఫ్ కావాలి. క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్ అయితే డిప్‌స్టిక్ చూసేటప్పుడు లీవర్ న్యూట్రల్‌లో ఉండాలి, పార్క్‌లో చూస్తే లెవెల్ తప్పు చూపిస్తుంది. బాక్స్ ఏదో తెలియకుండా ఆయిల్ పోయకూడదని మొత్తుకునేది అందుకే.

ఇంపాలా65

అందరికీ చాలా థాంక్స్. స్టాండ్ల మీద ఎక్కించి చూశాం. 13 హోల్స్, వెనక కుడి మూల కోసి ఉంది. కుడివైపు వెనక మాడ్యులేటర్ దొరికింది. టర్బో 350 అన్నమాట. పాత రాడ్ ఇంకా అక్కడే ఉంది, దేనికీ తగిలించకుండా బైండింగ్ వైరుతో పైకి కట్టేశారు. కేబుల్ అసలు లేనే లేదు. ఇన్నాళ్లూ బాక్స్ పాడైపోతూ వచ్చిందా?

జేసీ రోడ్ (బెంగళూరు)

లేదు సార్, నిశ్చింతగా ఉండండి. 350లో ప్రెషర్, గేరు మారే వేళ మాడ్యులేటర్ చూసుకుంటుంది. కేబుల్ లేకపోతే పెడల్ అడుగుదాకా తొక్కినా కిక్‌డౌన్ గేరు పడదు, అంతే. 700ఆర్4 అయితే వేరే కథ, దాని కేబుల్ సెట్టింగ్ తప్పితే క్లచ్‌లు కాలిపోతాయి.

మాడ్యులేటర్‌కి వెళ్లే వాక్యూమ్ గొట్టం ఒకసారి లాగి చూడండి. లోపల ఎర్ర ఆయిల్ తగిలితే మాడ్యులేటర్ లోపలి డయాఫ్రమ్ (పల్చటి పొర) చిరిగినట్టే. ఇంజిన్ ఆ ఆయిల్‌ని పీల్చి తెల్లపొగ కక్కుతుంది, నేల మీద చుక్క పడకుండానే లెవెల్ తగ్గిపోతుంది.

ఇంపాలా65

లాగి చూశాను, గొట్టం పొడిగా ఉంది. మరక పాన్ అంచు నుంచే. 350 గాస్కెట్, ఫిల్టర్, కిక్‌డౌన్ కేబుల్ ఆర్డర్ పెట్టాను. కార్బురేటర్ దగ్గర కేబుల్ పట్టుకునే బ్రాకెట్ ఎక్కడ దొరుకుతుంది?

టీనగర్ వీ8

చెన్నైలో పాత స్పేర్లు దొరికే పుదుపేటలో అడిగి చూడండి. దొరక్కపోతే కార్బురేటర్ ఫోటో, కొలతలు ఇక్కడ పెట్టండి. ఫ్లాట్ పట్టీతో చేయించుకోవచ్చు. గాస్కెట్ కార్క్‌ది అయితే పాన్ బోల్టులు 12 ఫుట్‌పౌండ్లు దాటించకండి, నలిగి పక్కకి వచ్చేస్తుంది.