రిపోర్టులన్నీ నార్మల్, సైటోకైన్ టెస్టు చేయించుకోనా?

ప్రశ్న:
వైరల్ జ్వరం తగ్గి పద్నాలుగు నెలలైంది. ఒంట్లో సత్తువ మాత్రం తిరిగి రాలేదు. మొన్న తలస్నానం చేసి చిక్కు తీసుకుంటుంటే చెయ్యి పైకి నిలవలేదు, దువ్వెన జుట్టులోనే వదిలేసి పడుకున్నాను. అసలు దెబ్బ రెండు రోజుల తర్వాత తగిలింది, మంచం దిగలేకపోయాను. సీబీసీ, థైరాయిడ్, ఫెరిటిన్, బీ12, సీఆర్‌పీ అన్నీ నార్మల్. డాక్టర్ గారు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అన్నారు. ఇంట్లోవాళ్లేమో రిపోర్టులు చూసి "ఏమీ లేదుగా" అంటున్నారు. రోగనిరోధక కణాలు పంపే సంకేత ప్రొటీన్లను కొలిచే సైటోకైన్ ప్యానెల్, వైరస్ సోకిన కణాల్ని చంపే ఎన్‌కే కణాల టెస్టు చేయిస్తే ఏమైనా తేలుతుందా? వాళ్లకి చూపించడానికి ఒక్క కాగితం కావాలి నాకు.

జవాబు 1:
ఆ కాగితం కోసం నేనూ తిరిగానండి, తొమ్మిదేళ్ల కిందట. ప్యానెల్లో రెండు కాస్త ఎక్కువొచ్చాయి. "జలుబు చేసినా ఇవి పెరుగుతాయమ్మా" అన్నారు డాక్టర్. అప్పుడు ఏడ్చాను కానీ ఆయన మాట నిజమే. 2015లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు దాదాపు 300 మంది పేషెంట్ల రక్తం చూశారు. జబ్బు మొదలై మూడేళ్లు దాటనివాళ్లలో ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి సైటోకైన్లు ఎక్కువగా ఉన్నాయి, దాటినవాళ్లలో ఆ పెరుగుదల లేదు. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లకి, జబ్బు తీవ్రత ఎంత ఎక్కువుంటే 17 సైటోకైన్లు అంత ఎక్కువగా కనిపించాయి. ఇవన్నీ వందలమందిని కలిపి చూస్తే తేలిన తేడాలు. ఒక్క మనిషి రక్తం చూసి ఈ జబ్బు ఉందనో లేదనో చెప్పే టెస్టు ఇంకా రాలేదు.

జవాబు 2:
ల్యాబ్‌లో పని చేస్తాను. ఎన్‌కే టెస్టుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి కణాల్ని లెక్కపెడుతుంది. ఈ జబ్బులో చాలా పరిశోధనలు చెప్పింది సంఖ్య గురించి కాదు, వాటి చంపే శక్తి తగ్గడం గురించి. అది కొలవాలంటే కణాలు బతికుండగానే క్యాన్సర్ కణాలతో కలిపి, ఎన్నిటిని చంపాయో చూడాలి. శాంపిల్ ఆలస్యమైతే ఫలితం నమ్మలేం. డబ్బు కట్టేముందు ఏ రకమో అడగండి.

ప్రశ్న అడిగినవారు:
మరి ఇంట్లో ఏం చూపించను?

జవాబు 1:
మీరు రాసిన ఆ దువ్వెన సంగతే. రెండు రోజుల తర్వాత పడిపోవడమే ఈ జబ్బుకి అసలు గుర్తు. 2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన ప్రమాణాల్లో రక్తపరీక్ష లేదు, ఇది ఉంది. ఏ రోజు ఏం చేశారో, ఎప్పుడు పడిపోయారో తేదీలతో రాయండి. నాలుగు వారాల పేజీలు చూశాకే మా అమ్మ నన్ను "లేచి నడువు" అనడం మానేసింది.