కార్చిచ్చులో ‘కారు’ నలుపా, అడవా?

కావలి: ఆశ్రమవాసపర్వంలో ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవిమంటకు ఆహుతయ్యే ఘట్టం మా తెలుగు అయ్యవారు పాడి వినిపించేవారు. ‘కార్చిచ్చు’ అనే చోట రకారాన్ని గట్టిగా నొక్కేవారు. పద్యం ఎత్తుగడ ఎవరికైనా గుర్తుందా? అక్కడున్నది మామూలు రేఫా, బండి ఱానా? కుండీలో బోన్సాయ్‌గా పెంచుతున్న చింతను, కార్చిచ్చులో కాలి బతికిన మానులా మలుస్తున్నాను. ఆ పేరే పెడదామని.

ఒంగోలు: సాధురేఫమే. కారు అంటే నలుపు. కారుమబ్బు, కారుచీకటి లేవూ? తాకినదాన్నల్లా నల్లగా మాడ్చేది కార్చిచ్చు. మొదలంతా మసి పట్టించండి, పేరు సరిపోతుంది.

వెంకటగిరి: కారెనుము అంటే అడవి బర్రె గదన్నా. కన్నడంలో కాడ్గిచ్చు అంటారు. కాడు అడవి, కిచ్చు నిప్పు. వాళ్ల కివి మనకు చెవి అయినట్టే కిచ్చు చిచ్చు అయింది. కాబట్టి ఇది అడవి అనే అర్థమున్న ‘కాఱు’, బండి ఱానే.

ఒంగోలు: అడవి బర్రె మాత్రం నల్లగా ఉండదా? ఆ ఉదాహరణ ఇద్దరికీ పనికొస్తుంది.

గూడూరు: ఖాండవదహనం తిరగేయండి. తిక్కన నిప్పును ఎన్ని పేర్లతో పిలిచాడో కనబడుతుంది.

వెంకటగిరి: అది ఆదిపర్వం సార్, నన్నయది. మన తిక్కన విరాటంతో గదా మొదలుపెట్టింది.

గూడూరు: విరాటమే తీసుకోండి. పాండవులు ఆయుధాలు దాచింది జమ్మి మీద. కాళిదాసు శకుంతలను నిప్పు దాచుకున్న జమ్మితో పోల్చాడు. కాలిన చెట్టు కావాలంటే చింత కాదు, జమ్మిని పెంచాలి.

నెల్లూరు: పేరు సంగతి మీరు తేల్చండి, నేను చెట్టు సంగతి చెప్తాను. మొదలంతా మసి పూయొద్దన్నా. కాలి బతికిన చెట్టుకు మచ్చ మొదట్లో ముక్కోణంగా ఉంటుంది, కింద వెడల్పు, పైకి సన్నం. గాలికి అవతలి పక్కన మంట సుడి తిరిగి ఎక్కువసేపు నిలుస్తుంది, అందుకే మచ్చ ఆ పక్కనే. రెండంచులా బెరడు పెదవుల్లా ఉబ్బి మూసుకొస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ వానలకు పైబొగ్గు రాలి కర్ర బూడిదరంగుకు తిరుగుతుంది. నలుపు తొర్రలోనే మిగులుతుంది. ముందు పచ్చిబెరడుకు తడిగుడ్డ చుట్టి, ఎండిన కర్రను చిన్న టార్చితో కాల్చండి. వైరు బ్రష్షుతో బొగ్గు రాలిస్తే మెత్తటి కర్ర పోయి గట్టి చారలు పైకి తేలతాయి. పైన లైమ్ సల్ఫర్ (సున్నం, గంధకం కలిసిన ద్రావణం) పూస్తే మొదట పసుప్పచ్చగా ఉండి ఆరేకొద్దీ తెల్లబడుతుంది. తొర్రలోకి మాత్రం దాంట్లో నల్ల సిరా కలపండి. మర్రి, జువ్వి అయితే చచ్చిన కర్ర కుళ్లిపోతుంది. చింత గట్టిది, నిలుస్తుంది.

వెంకటగిరి: అక్కా, మీ మాటే నాకు సాక్ష్యం. నలుపు వానకు పోయేదే.

ఒంగోలు: తొర్రలో మిగిలేది నలుపే కదమ్మా. అయినా ‘ర్చి’ అని జంటగా ఉన్నచోట ఏ ‘ర’ అన్నది ఎలా తేలుతుంది? కారెనుముతో పాదం మొదలయ్యే పద్యం పట్టండి. కవిత్రయం ప్రాసలో ర, ఱ కలపలేదు. మిగతా మూడు పాదాల్లో రెండో అక్షరం చూస్తే చాలు.

వెంకటగిరి: పడతాను. మీరు కారుచీకటికి కూడా అలాంటి పద్యమే తేవాలి మరి.

కావలి: మసి తొర్ర వరకే పెడతానక్కా. మా అయ్యవారి పద్యం మాత్రం ఎవరూ చెప్పలేదు.

గూడూరు: జమ్మి మొక్క కావాలంటే చెప్పండి, మా చేను గట్టున ఉంది.