మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ హైదరాబాద్‌కి పంపుతున్నాం, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

డాలస్_వాసి:
ఇక్కడ కొన్ని క్లినిక్‌ల ఆఫీసు పని చూస్తాను. డాక్టర్లు రికార్డు చేసిన నోట్సు టైపు చేసే పని హైదరాబాద్‌లో ఒక కంపెనీకి ఇద్దామనుకుంటున్నాం. రేటు ఇక్కడి దాంట్లో సగం కూడా లేదు. పేషెంట్ల వివరాలు బయటికి పోతాయేమోనని మా డాక్టర్లకు టెన్షన్. 2003లో కరాచీలో టైపు చేసే ఒకామె శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆసుపత్రి రికార్డులు ఇంటర్నెట్‌లో పెట్టేస్తానని బెదిరించింది కదా. అలాంటిది రాకుండా ఒప్పందంలో ఏం రాయించుకోవాలి?

అమీర్‌పేట_పాతకాపు:
బెదిరించిందని చెప్పారు, ఎందుకో చెప్పలేదు. తనకు రావాల్సిన డబ్బు ఇవ్వలేదని. ఆసుపత్రి పని ఇచ్చింది కాలిఫోర్నియా కంపెనీకే. వాళ్లు ఫ్లోరిడాలో ఒకామెకు, ఆవిడ టెక్సాస్‌లో ఒకాయనకు, అక్కణ్నుంచి కరాచీకి. మధ్యలో ఉన్నది మీ టెక్సాసే!

డాలస్_వాసి:
అయితే బెదిరించడం ఒప్పే అంటారా?

అమీర్‌పేట_పాతకాపు:
ఎక్కడన్నాను? నేనూ ఇంట్లో కూర్చుని ఈ పనే చేశాను. లైనుకి ఇంత అని లెక్క. లైనంటే 65 అక్షరాలు, స్పేసులతో కలిపి. మా ఏజెంటు స్పేసులు తీసేసి లెక్క కట్టేవాడు. చివరి రెండు నెలల డబ్బు ఇప్పటికీ రాలేదు. మీ కంపెనీ కింద ఇలాంటి ఏజెంట్లు ఎంతమందో కనుక్కున్నారా?

క్యూఏ_కళ్లజోడు:
కనిపించే అక్షరాలకే డబ్బిచ్చే పద్ధతి కూడా ఉందండీ. ముందే చెబితే అది మోసం కాదు.

అమీర్‌పేట_పాతకాపు:
ముందే చెప్పలేదు మేడమ్. అదే కదా నా ఏడుపు! ఇంగ్లిషులో స్పేసులు తీసేస్తే దాదాపు ఆరో వంతు ఎగిరిపోతుంది.

బెజవాడ_బుల్లోడు:
ఏఐ వచ్చాక ఇంకా టైపింగేంటి సార్ 😂

క్యూఏ_కళ్లజోడు:
ఏఐ రాసిందీ ఎవరో ఒకరు ఆడియో విని సరిచూడాలి తమ్ముడూ.

డాలస్ గారూ, లీకు సంగతి సరే, డోసు తప్పుపడితే? డాక్టరు అన్నది ఫిఫ్టీనో ఫిఫ్టీయో తేలకపోతే అక్కడ బ్లాంకు వదిలి గుర్తు పెట్టాలి. బ్లాంకులు ఎక్కువైతే డబ్బు కోసే చోట పనిచేశాను. ఇక ఎవరు వదులుతారు? ఏదో ఒకటి కొట్టేస్తారు. ఒప్పందంలో ముందు అది చూడండి.

డాలస్_వాసి:
మంచి పాయింటు. లీకుల విషయానికొస్తే, హిపా (పేషెంట్ల వివరాలు కాపాడే అమెరికా చట్టం) రూల్స్ 2013లో మారాక సబ్‌కాంట్రాక్టరు కూడా నేరుగా బాధ్యుడే. పైగా పని కిందికి ఇవ్వకూడదని రాయిస్తున్నాం. డౌన్‌లోడ్, ప్రింట్ రెండూ బంద్.

అమీర్‌పేట_పాతకాపు:
అమెరికా రూల్ పట్టుకుని తార్నాకలో ఎవరింటి తలుపు కొడతారు? పేపర్లో వచ్చేది మీ క్లినిక్ పేరే. మీరిచ్చే రేటుకి సొంత ఉద్యోగులతో ఏ కంపెనీకీ గిట్టదు. వద్దని మీరు రాస్తారు, సరేనని వాళ్లు సంతకం పెడతారు, ఫైళ్లు మాత్రం కిందికి పోతాయి. స్క్రీన్‌ని ఫోన్లో ఫొటో తీస్తే మీ బంద్ ఏం చేస్తుంది?

డాలస్_వాసి:
మీ ఏజెంటు మీద కోపం నా మీద తీర్చుకుంటున్నారు.

అమీర్‌పేట_పాతకాపు:
మీకు కావలసింది కాపలా. టైపు చేసినవాడికి డబ్బు అందిందా లేదా మీకెందుకు!

డాలస్_వాసి:
అవును, నాకెందుకు? అది ఆ కంపెనీ చూసుకోవాలి. ఆ తలనొప్పి వద్దనే కదా బయటికిచ్చేది!

క్యూఏ_కళ్లజోడు:
అమ్మయ్య, అసలు గొడవ బయటపడింది. ఇందాకటి నుంచీ లీకులంటూ స్పేసులంటూ కొట్టుకుంటున్నారు.

డాలస్ గారూ, కరాచీ కేసులో ఎవరూ సిస్టమ్‌లోకి చొరబడలేదు. ఫైలు చేతిలో ఉన్నది పనిచేసిన మనిషికే. ప్రతి ఫైలు మీద టైపు చేసినవాళ్ల ఐడీ అడగండి. వాళ్లకు డబ్బు పడినట్టు నెలనెలా కాగితం అడగండి. ముందు పేర్లు తీసేసిన పాత ఫైళ్లతో ట్రయల్ చేయించండి.

డాలస్_వాసి:
ఐడీల సంగతి వాళ్లను అడిగాను. అయితే రేటు పెరుగుతుందన్నారు.

అమీర్‌పేట_పాతకాపు:
ఎందుకు పెరుగుతుందట? సొంత ఉద్యోగులే అయితే ఐడీ ఇవ్వడానికి ఖర్చేముంది?

డాలస్_వాసి:
... అది మాత్రం అడగలేదు. సోమవారం కాల్ ఉంది, అడుగుతాను.

అమీర్‌పేట_పాతకాపు:
అడగండి. లైను లెక్కలో స్పేసులున్నాయో లేవో కూడా అడగండి.