"మాన్‌స్టర్స్" (2010): మాన్‌స్టర్ కనపడని మాన్‌స్టర్ సినిమా మోసమా?

రాత్రిషో:
గారెత్ ఎడ్వర్డ్స్ తీసిన మొదటి సినిమా, నిన్న రాత్రి మళ్లీ చూశాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. నాసా అంతరిక్షంలోకి పంపిన ప్రోబ్ (మనుషుల్లేని నౌక) ఒకటి గ్రహాంతర జీవుల శాంపిల్స్ తెస్తూ మెక్సికోలో కూలిపోతుంది. ఆరేళ్లయ్యేసరికి సగం మెక్సికో "ఇన్‌ఫెక్టెడ్ జోన్", అంటే ఆ జీవులు పాకడంతో మూసేసిన ప్రాంతం. ఒక ప్రెస్ ఫొటోగ్రాఫర్ తన ఓనర్ కూతుర్ని క్షేమంగా అమెరికా చేర్చాలి. అంతే కథ. గంటన్నర సినిమాలో ఆ జీవులు తృప్తిగా కనపడేది చివర్లోనే. దాని బలమే అది అంటాను. కాదనేవాళ్లు రండి.

బెంచీ టికెట్:
వచ్చా. పేరు "మాన్‌స్టర్స్" అని పెట్టి, పడవలో ఇద్దర్ని కూర్చోబెట్టి కబుర్లు చెప్పిస్తే ఏమనాలి? బిర్యానీ అని బోర్డు పెట్టి కుష్కా వడ్డించినట్టుంది.

రాత్రిషో:
ఆ కబుర్లలోనే ఉంది బ్రో సినిమా అంతా. రాక్షసుల చేతిలో చచ్చిపోయిన పిల్ల ఫొటోకి మీ నాన్న కంపెనీ 50,000 డాలర్లిస్తుంది, నవ్వుతున్న పిల్ల ఫొటోకి పైసా ఇవ్వదు అంటాడు ఫొటోగ్రాఫర్, ఆ ఓనర్ కూతురితో. తర్వాత జోన్‌లో నిజంగానే చచ్చిపోయిన పాప కనపడుతుంది. అప్పుడు కెమెరా పక్కన పెట్టి, పాప మీద బట్ట కప్పుతాడు. దాని గురించి ఒక్క డైలాగ్ ఉండదు. వాడు మారాడని మనకి అర్థమైపోతుంది.

వీఎఫ్ఎక్స్ కూలీ:
హైదరాబాద్‌లో రోటో, పెయింట్ (ఒక్కో ఫ్రేమ్‌లో మనుషుల అంచులు గీసి వేరుచేయడం, అక్కర్లేనివి చెరిపేయడం) చేసి బతికేవాణ్ని కాబట్టి నా గోల వేరు. ఈ సినిమా పేరెత్తగానే అందరూ "5 లక్షల డాలర్ల లోపే తీశాడట" అంటారు. అప్పటి రేటుకి మన డబ్బుల్లో రెండుంపావు కోట్లు. బాగానే ఉంది. కానీ దాదాపు 250 ఎఫెక్ట్స్ షాట్లు డైరెక్టరే ఇంట్లో కూర్చుని నెలల తరబడి చేసుకున్నాడు, అదీ బజార్లో ఎవరికైనా దొరికే సాఫ్ట్‌వేర్‌తో. ఆ నెలలకి మార్కెట్ రేటు ప్రకారం జీతం కట్టి చూడండి, ఈ బడ్జెట్‌లో తేలుతుందా? మా ఆఫీసుకొచ్చిన ఒక నిర్మాత ఇదే సినిమా చూపించి, "ఆయన బెడ్‌రూమ్‌లో చేశాడు, మీకు అంత రేటెందుకు" అన్నాడు. ఆ రోజు నుంచి ఈ సినిమా అంటే నాకు సగం ఇష్టం, సగం మంట.

పనితనం మాత్రం చూసి నేర్చుకోవాల్సిందే. ఎక్కువ షాట్లలో అసలు జీవే లేదు. ఉన్న రోడ్డు మీద హెచ్చరిక బోర్డు అతికించాడు, ఆకాశంలో హెలికాప్టర్ పెట్టాడు, ఊరి పక్కన ట్యాంకు నిలబెట్టాడు. కన్ను అక్కడ ఆగదు కాబట్టి ఎఫెక్ట్ అని తట్టదు. జీవిని చూపించాల్సొస్తే ఎక్కువగా చీకట్లో. కాబట్టి "చూపించకపోవడమే కళ" అని పెద్ద మాటలొద్దు. జేబులో డబ్బుల్లేక వేసిన లెక్క అది.

రాత్రిషో:
లెక్కే అయితే డబ్బులొచ్చాక మారాలిగా అన్నా? నాలుగేళ్ల తర్వాత అదే మనిషికి సుమారు 16 కోట్ల డాలర్లిచ్చి "గాడ్జిల్లా" తియ్యమన్నారు. అందులోనూ దాన్ని నిండుగా చూపించడానికి గంట దాకా ఆగాడు. ఎయిర్‌పోర్టులో అది గర్జించగానే కట్ చేసి, ఇంట్లో పిల్లాడు ఆ ఫైట్ టీవీలో చూస్తున్నట్టు పెట్టాడు.

బెంచీ టికెట్:
ఆ కట్‌కి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే అడ్మిన్ బ్యాన్ చేస్తాడు.

వీఎఫ్ఎక్స్ కూలీ:
లేనప్పుడు నేర్చుకున్న పొదుపు ఉన్నప్పుడు పోదు తమ్ముడూ. మా నాన్న ఇప్పటికీ అరిగిపోయిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అతికిస్తాడు.

గోదారి గట్టు:
మీరంతా జీవి కనపడిందా లేదా అని కొట్టుకుంటున్నారు, నాకు కనపడనిది ఆ ఊళ్ల జనం. వ్యాన్‌లో పట్టేంత యూనిట్‌తో గ్వాటెమాలా, కోస్టారికా, మెక్సికో తిరిగి, దారిలో దొరికినవాళ్లనే నటించమన్నారు. డైలాగులు అప్పటికప్పుడు అనుకున్నవే. అందుకే ఆ మొహాలు అంత నిజంగా ఉన్నాయి, ఒప్పుకుంటా. మరి ఆ జోన్ అంచున రోజూ బతికేది వాళ్లు కదా? మనం చూసేది మాత్రం పాస్‌పోర్టులు పోయిన ఇద్దరు అమెరికన్ల ప్రేమకథ. అక్కడివాళ్లు భోజనం పెట్టి, దారి చూపించి, తప్పుకుంటారు. టెక్సస్ చేరాక కనపడే ఖాళీ ఊరు కూడా 2008లో ఐక్ తుపాను కొట్టిన గాల్వెస్టన్. ఎవరి ఇల్లో కూలితే ఇంకొకరికి ఫ్రీ సెట్ అయింది. తుపాన్లు చూసిన కోస్తావాళ్లం, నాకైతే అక్కడ కథ మీద మనసు నిలవలేదు.

రాత్రిషో:
ఇల్లు సంగతికి నా దగ్గర జవాబు లేదండీ. జనం సంగతి మాత్రం కావాలని చేసిందే అనుకుంటా. మాయా పిరమిడ్ ఎక్కి అమెరికా కట్టుకున్న గోడని చూస్తారు కదా, వీళ్లిద్దరూ మొదటిసారి గోడకి బయట నిలబడ్డారు.

గోదారి గట్టు:
వీళ్లు నాలుగు రోజులు నిలబడితే మనకి అర్థమవ్వాలా? బయటే పుట్టినవాళ్లని చూపిస్తే సరిపోదా?

రాత్రిషో:
ఇక స్పాయిలర్, చూడనివాళ్లు ఆగిపోండి. బెంచీ టికెట్ బ్రో, చివర్లో పెట్రోల్ బంకు సీన్ చూశాక, సినిమా మొదటి రెండు నిమిషాలు మళ్లీ పెట్టుకో. సైనికుడు కూనిరాగం తీస్తున్న ముక్క.

బెంచీ టికెట్:
చూశా. నైట్ విజన్‌లో ఆ ఫొటోగ్రాఫర్ మోసుకుంటూ పరిగెత్తేది ఆ అమ్మాయినేనా! అంటే చివరే మొదట్లో చూపించేశాడు. బంకులో ముద్దు పెట్టుకునేటప్పుడు నాకేం తెలీదు, ఇప్పుడు ఆ సీన్ చూడలేకపోతున్నా. రెండు జీవులు తీగల్లాంటి చేతులు కలుపుకుని వెలుగుతుంటే వీళ్లు నోరు తెరుచుకుని చూస్తారు, అదీ ఇప్పుడు ఎక్కింది. సరే, కుష్కా మాట వెనక్కి తీసుకుంటా. టైటిల్ మాత్రం మార్చాల్సిందే.

వీఎఫ్ఎక్స్ కూలీ:
మారిస్తే నువ్వు టికెట్ కొనేవాడివా?

బెంచీ టికెట్:
కొన్నానని ఎవరన్నారు?