డాక్యుమెంటేషన్ ఉదాహరణల పక్కన రన్ బటన్ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

నమస్కారమండీ. నేనొక చిన్న ఓపెన్ సోర్స్ పైథాన్ లైబ్రరీ చూసుకుంటున్నాను. సీఎస్‌వీ ఫైల్ చదివి, అందులో తేడాగా ఉన్న వరసలను పట్టిస్తుంది. డాక్యుమెంటేషన్ స్ఫింక్స్‌తో తయారవుతుంది, అన్నీ స్టాటిక్ పేజీలే. ఉదాహరణలూ, వాటి కింది అవుట్‌పుట్‌లూ చేత్తో టైప్ చేసినవి. ఈమధ్య ఒక ఆర్గ్యుమెంట్ పేరు మారింది. పాత పేరున్న ఉదాహరణను కాపీ చేసుకున్న కొత్తవాళ్లు ఎర్రర్ వస్తోందని రాస్తున్నారు. పేజీలోనే కోడ్ మార్చి నడిపి చూసుకునే వీలు కల్పించాలని ఉంది. సర్వర్ నడిపే స్తోమత లేదు. ఎలా చేస్తే మంచిది?

జవాబు

బటన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఉదాహరణలను టెస్టుల్లోకి తీసుకురండి. తప్పు కోడ్ పక్కన రన్ బటన్ పెడితే, చదివేవాళ్లకు ఎర్రర్ ఇంకా తొందరగా కనిపిస్తుంది, అంతే.

పైథాన్‌లో డాక్‌టెస్ట్ మాడ్యూల్ 2001లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచీ ఉంది. ఉదాహరణలోని లైన్‌ను నడిపి, వచ్చినదాన్ని కింద మీరు రాసినదానితో పోల్చి చూస్తుంది. ఇది చూడండి:

>>> 0.1 + 0.2
0.3

చదువుతుంటే ఏ అనుమానమూ రాదు. నడిపితే పైథాన్ ఇచ్చేది 0.30000000000000004. ఇలాంటివి మన కంటికి ఆనవు, డాక్‌టెస్ట్ మాత్రం వదలదు. స్ఫింక్స్‌కు దీనికోసం ఎక్స్‌టెన్షన్ ఉంది. ప్రతి కమిట్‌కూ సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను దానంతటదే నడిపే వ్యవస్థలో) నడిచేలా పెట్టేయండి. ఆర్గ్యుమెంట్ పేరు మారిన రోజే బిల్డ్ ఆగిపోతుంది.

మీ లైబ్రరీ పనే తప్పులు పట్టడం కాబట్టి, ఎర్రర్ వచ్చే ఉదాహరణలకు ఎక్కువ చోటివ్వండి. చాలా డాక్యుమెంటేషన్లలో అన్నీ సవ్యంగా నడిచే ఉదాహరణలే ఉంటాయి. మనిషి పేజీ తెరిచేది ఏదో ఆగిపోయినప్పుడు. ఏడో వరసలో నాలుగు కాలమ్‌లు ఉండాల్సిన చోట మూడే ఉంటే ఏ మెసేజ్ వస్తుందో అక్షరాలా చూపించండి. దాన్ని కూడా టెస్ట్ చేయొచ్చు. డాక్‌టెస్ట్ ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ వచ్చినప్పుడు పైథాన్ చూపించే వివరాలు) మొదటి లైన్‌నూ, చివర ఎర్రర్ పేరునూ మెసేజ్‌నూ చూస్తుంది, మధ్యలోని స్టాక్ వివరాలు పట్టించుకోదు. అందుకే ఫైల్ పాత్‌లు మారినా టెస్ట్ పడిపోదు.

సెటప్ కోడ్ పేజీలో కనిపించకుండా నడిపే వీలుంది. రస్ట్ భాషలోనూ ఇలాంటిది ఉంది, డాక్ కామెంట్‌లోని ఉదాహరణలో # పెట్టి మొదలుపెట్టిన లైన్ కంపైల్ అవుతుంది కానీ పేజీలో కనబడదు. వాడుకోండి. కానీ ఇంపోర్ట్ లైన్లు మాత్రం దయచేసి దాచకండి. కొత్తగా వచ్చినవాళ్లు తడబడేది సరిగ్గా అక్కడే.

మరో జవాబు

పైన చెప్పినదంతా అయ్యాక బటన్ కోసం పయొడైడ్ చూడండి. పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌నే వెబ్‌అసెంబ్లీలోకి (బ్రౌజర్ నడపగలిగే కోడ్ రూపంలోకి) కంపైల్ చేసిన ప్రాజెక్ట్ ఇది, 2018లో మొజిల్లాలో మొదలైంది. కోడ్ నడిచేది చదువరి బ్రౌజర్‌లోనే, కాబట్టి మీకు సర్వర్ అక్కర్లేదు. అయితే డౌన్‌లోడ్ చాలా ఎంబీలు ఉంటుంది. పేజీ తెరవగానే కాకుండా, బటన్ నొక్కాకే లోడ్ అయ్యేలా చూడండి. దాన్ని వెబ్ వర్కర్‌లో (పేజీని ఆపకుండా బ్రౌజర్ వెనకాల విడిగా నడిపే స్క్రిప్ట్‌లో) నడపడం ముఖ్యం. ఎవరైనా ఆగని లూప్ రాస్తే వర్కర్‌ను ఆపేసి కొత్తది మొదలుపెట్టొచ్చు, పేజీ బిగుసుకుపోదు.

మీ లైబ్రరీ మొత్తం పైథాన్‌లోనే ఉంటే దాని వీల్ ఫైల్ (పైథాన్ ప్యాకేజీ ఫైల్) నేరుగా ఇన్‌స్టాల్ అవుతుంది. సీ ఎక్స్‌టెన్షన్ (సీ భాషలో రాసిన భాగం) ఉంటే దాన్ని విడిగా బిల్డ్ చేయాలి. శాంపిల్ సీఎస్‌వీని ముందే పయొడైడ్ మెమరీలోని ఫైల్ సిస్టమ్‌లో రాసి ఉంచండి. లేకపోతే మొదటి లైన్‌లోనే ఫైల్ దొరకలేదంటుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్ అండీ. లైబ్రరీలో సీ కోడ్ ఏమీ లేదు. రెండు డౌట్లు మిగిలాయి. కొన్ని ఉదాహరణలు ఇవాళ్టి తేదీని వాడతాయి, వాటి అవుట్‌పుట్ రోజూ మారుతుంది. రెండోది, మార్చిన కోడ్‌ను లింక్‌గా పంపుకునే సౌకర్యం పెడితే సెక్యూరిటీ పరంగా ప్రమాదమా?

మొదటి జవాబు రాసినవారు

తేదీ విషయంలో గో ప్లేగ్రౌండ్ (గో భాష కోడ్‌ను వెబ్‌లోనే నడిపి చూసుకునే సైట్) పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. అక్కడ గడియారం ఎప్పుడూ 2009 నవంబర్ 10 రాత్రి 11 గంటల నుంచే మొదలవుతుంది. ఎప్పుడు నడిపినా అదే సమాధానం, అందుకే దాన్ని దాచుకుని మళ్లీ చూపించగలరు. మీరు కూడా తేదీని ఫంక్షన్‌కు బయటినుంచి ఇచ్చేలా ఉదాహరణ రాయండి. డాక్‌టెస్ట్‌లో మారే చోట మూడు చుక్కలు పెట్టే ఆప్షన్ ఉంది కానీ, ఆ చుక్కల చోట ఏమొచ్చినా టెస్ట్ పాసైపోతుంది. తప్పనిసరైతేనే వాడండి. సెట్‌లో స్ట్రింగ్‌లు ఉంటే ప్రింట్ అయ్యే వరస రన్‌కూ రన్‌కూ మారొచ్చు, వాటిని సార్ట్ చేసి చూపించండి.

లింక్ సంగతికొస్తే, అవతలివాళ్లు రాసిన కోడ్ మీ సైట్ పేరు మీద నడుస్తుందన్నమాట. కాబట్టి జాగ్రత్త అవసరమే. శాండ్‌బాక్స్ పెట్టిన ఐఫ్రేమ్‌లో (పేజీలోపల కట్టడి చేసి చూపించే మరో పేజీలో) నడపండి. స్క్రిప్ట్‌లకు అనుమతి ఇవ్వండి, సేమ్ ఆరిజిన్ అనుమతి (లోపలి పేజీని దాని సొంత సైట్‌లో భాగంగానే చూడనిచ్చేది) మాత్రం దానితో కలిపి ఇవ్వకండి. ఐఫ్రేమ్‌లో ఉన్నది మీ సైట్ పేజీయే అయి, దానికి రెండూ ఇస్తే, లోపలి కోడ్ ఆ శాండ్‌బాక్స్‌ను తనే తీసేసుకోగలదు. అవుట్‌పుట్‌ను హెచ్‌టీఎంఎల్‌గా కాకుండా మామూలు టెక్స్ట్‌గా చూపించండి. లింక్ తెరవగానే దానంతటది నడవకూడదు, మనిషి కోడ్ చూసి బటన్ నొక్కాకే నడవాలి.

వెర్షన్ల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. పాత వెర్షన్ పేజీలో బటన్ నొక్కితే కొత్త లైబ్రరీ లోడ్ కాకూడదు. ప్రతి వెర్షన్ పేజీల ఫోల్డర్‌లోనే దాని వీల్ ఫైల్ కూడా పెట్టి, పయొడైడ్ వెర్షన్‌ను కూడా ఫిక్స్ చేసేయండి. బటన్ నడిపే కోడ్‌ను ఇంకో ఫైల్‌లో పెట్టకుండా, పేజీలో కనిపిస్తున్న ఆ బ్లాక్‌లోంచే >>> గుర్తులూ అవుట్‌పుట్ లైన్లూ తీసేసి అందించండి.