ఒకే టోకెన్, ఒకే హ్యాష్.. ల్యాప్‌టాప్‌లో ఒక బొమ్మ, ఫోన్‌లో ఇంకో బొమ్మ!

గవ్వలగోల:
అందరికీ నమస్తే. జావాస్క్రిప్ట్ బాగానే వచ్చు, బ్లాక్‌చెయిన్‌కి మాత్రం కొత్త. ఆరు నెలలుగా ఒక త్రీడీ జెనరేటివ్ (కోడే బొమ్మ గీసే) సిరీస్ మీద కూర్చున్నాను. గవ్వలాంటి ఆకారం, మెలికలు తిరుగుతూ పైకి లేస్తుంది. ఎన్ని మెలికలు, గోడ ఎంత మందం, పైన గరుకు ఎంత అన్నది టోకెన్ హ్యాష్‌ని (ఒక్కో టోకెన్‌కి వేరుగా ఉండే పెద్ద సంఖ్య) బట్టి తేలుతుంది.

ఇథీరియం టెస్ట్‌నెట్‌లో (పరీక్షల కోసం ఉండే చెయిన్) ఐదు టోకెన్లు మింట్ చేశాను, అంటే పుట్టించాను. మూడోదాని దగ్గర బుర్ర తిరిగింది. ల్యాప్‌టాప్‌లో గవ్వ మీద సన్నటి ఇసుక చల్లినట్టుంది. అదే లింకు ఫోన్‌లో తెరిస్తే ఇసుక లేదు, ఏటవాలుగా చారలు! మెలికలు మాత్రం రెండింట్లోనూ ఏడే. మ్యాథ్ రాండమ్ (ప్రతిసారీ వేరే సంఖ్య ఇచ్చేది) పొరపాటున వాడానేమోనని మూడుసార్లు వెతికాను, ఎక్కడా లేదు.

ఇంకో సందేహం. నా కోడ్ 11 కేబీ. త్రీడీ గీసే త్రీ.జేఎస్ లైబ్రరీని మాత్రం సీడీఎన్ (ఫైళ్ళు అందించే బయటి సర్వర్లు) నుంచి లాగుతున్నాను. అది ఆరు వందల కేబీ పైనే. దాన్ని కూడా చెయిన్‌లోకి ఎక్కించాలా? ఎక్కించకపోతే "పూర్తిగా ఆన్‌చెయిన్" అని చెప్పుకోకూడదా?

మూడోకోణం:
ఇసుక కోసం షేడర్‌లో (జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్, మీద నడిచే కోడ్) నాయిస్ (చెల్లాచెదురు విలువలు) ఎలా రాశారు? ఆ ఒక్క లైను చెప్పండి.

గవ్వలగోల:
అందరూ వాడేదే. డాట్ ప్రోడక్ట్ తీసి, దానికి సైన్ వేసి, 43758.5453తో గుణించి, పూర్ణాంకం వదిలేసి దశాంశ భాగం ఉంచుకోవడం.

పాతషేడర్:
అనుకున్నా, 43758 గారే అయ్యుంటారని! ఈ లైను కాపీ కొట్టనివాళ్ళు లేరు, నేను కూడా కొట్టాను.

అది చేసే పని చూడండి. సైన్ విలువని నలభై మూడు వేల రెట్లు పెంచి, అందులో చివరి అంకెల్నే వాడుకుంటుంది. సైన్‌లో ఆరో దశాంశం దగ్గర రెండు చిప్‌లకి చిన్న తేడా వచ్చినా మనం చూసేది ఆ తేడానే. సైన్ కచ్చితంగా ఇంత ఉండాలని షేడర్ భాష పట్టుబట్టదు, ఒక్కో జీపీయూ తన పద్ధతిలో లెక్కేస్తుంది. లోపలికి ఇచ్చే సంఖ్య పెద్దదయ్యేకొద్దీ కొన్ని ఫోన్ చిప్‌లు మరీ తడబడతాయి. మీ చారలు అవే. ఎక్కువ కచ్చితత్వం కావాలని ప్రెసిషన్ హైపీ అని రాసినా ఈ రోగం పూర్తిగా కుదరదు.

వెబ్‌జీఎల్ 2లో (బ్రౌజర్‌లో జీపీయూతో గీయించే పద్ధతి) 32 బిట్ల పూర్ణాంకాలు ఉన్నాయి. వాటితో గుణకారం, బిట్ల మీద ఎక్స్‌ఆర్, షిఫ్ట్ చేస్తే ఏ చిప్ మీదైనా ఒకటే జవాబు. పీసీజీ హ్యాష్ అని వెతకండి, నాలుగైదు లైన్లు. ఒక జాగ్రత్త: దశాంశాలని నేరుగా అందులో పోయొద్దు. ముందు ఫ్లోర్ చేసి (దశాంశం కోసేసి) గడి నంబరు తీసుకుని, ఆ నంబరుని హ్యాష్ చేయండి. మెలికలు ఏడే వస్తున్నాయంటే జావాస్క్రిప్ట్ వైపు మీకు ఢోకా లేదు. అయితే అక్కడ కూడా మ్యాథ్ సైన్ విలువ అన్ని బ్రౌజర్లలో చివరి అంకె దాకా ఒకటే ఉంటుందన్న హామీ లేదు. దాంతో ఆకారం వంచండి, పర్లేదు. "ఇది బంగారు గవ్వా, మామూలు గవ్వా" అనే తీర్పు మాత్రం దాని చేతిలో పెట్టకండి.

ఇక లైబ్రరీ. ఇది నా సొంత గాయం. నా మొదటి సిరీస్‌లో సీడీఎన్ లింకుకి వెర్షన్ నంబరు పెట్టలేదు. కొత్తది వస్తే మంచిదేగా అనుకున్నాను! 2023లో కొన్నావిడ ఒకరు మెసేజ్ పెట్టారు, "నా బొమ్మ ఉతికినట్టు వెలిసిపోయిందేంటండీ?" అని. త్రీ.జేఎస్ 152వ వెర్షన్‌లో రంగుల డిఫాల్ట్ మారింది. 155లో లైట్ల లెక్క మారి సీన్ మసకబారింది. ఈ రెండూ భరించాను. 160కి వచ్చేసరికి నేను పిలుస్తున్న మినిఫైడ్ (కుదించిన) ఫైలునే తీసేశారు. వాళ్ళు 150 నుంచే హెచ్చరిస్తూ ఉన్నారు, కన్సోల్ తెరిచి చూసే అలవాటు నాకే లేదు. ఆ రోజు నుంచి అన్ని టోకెన్లూ నల్ల తెరే. చెయిన్ మీద నా స్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం మారలేదు. మార్చడానికీ లేదు, కాంట్రాక్ట్ (చెయిన్ మీద నడిచే ప్రోగ్రాం) లాక్ చేసి గొప్పగా ప్రకటించుకున్నాను కూడా. తప్పు నాదే.

కాబట్టి వెర్షన్ బిగించండి, సీడీఎన్‌ని వదిలించుకోండి. లైబ్రరీని మీరు ఎక్కించక్కర్లేదు. గ్జిప్ చేసిన కాపీలు ఈథ్‌ఎఫ్‌ఎస్‌లో (ఇథీరియం మీదే ఫైళ్ళు దాచే చోటు) ఉన్నాయి, స్క్రిప్టీ అనే కాంట్రాక్ట్ వాటిని మీ కోడ్‌తో కలిపి ఒకే హెచ్‌టీఎంఎల్‌గా ఇస్తుంది. మీకు కావలసిన వెర్షన్ అక్కడ లేకపోతే, ఉన్న వెర్షన్‌కి కోడ్ సర్దుకోండి.

గవ్వలగోల:
అన్నా, నల్ల తెర సంగతి చదివి చెమట పట్టింది. నా లింకులో కూడా నంబరు లేదు! మరి నా 11 కేబీకి గ్యాస్ (చెయిన్ మీద పనికి కట్టే రుసుము లెక్క) ఎంతవుతుంది? బ్లాబ్స్ (లావాదేవీకి జతచేసే డేటా మూటలు) చవకంటున్నారు, వాటిలో పెడితే?

మూడోకోణం:
బ్లాబ్స్ వద్దు. 2024 మార్చిలో డెన్‌కన్ అప్‌గ్రేడ్‌తో వచ్చాయి, రోలప్‌ల (ఇథీరియం పైన నడిచే చవక చెయిన్లు) కోసం. సుమారు 18 రోజుల తర్వాత నోడ్లు (చెయిన్‌ని నడిపే కంప్యూటర్లు) ఆ డేటాని పారేస్తాయి.

డేటాని కాంట్రాక్ట్ కోడ్‌లాగా రాయండి, ఎస్‌స్టోర్2 పద్ధతి. బైటుకి 200 గ్యాస్. మామూలు స్టోరేజీలో 32 బైట్ల గడికి 20 వేల పైనే, అంటే బైటుకి 600 దాటుతుంది. ఒక కాంట్రాక్ట్‌లో 24,576 బైట్లు పడతాయి కనుక మీ కోడ్ ఒక్కదాంట్లోనే సరిపోతుంది. మొత్తం పాతిక లక్షల గ్యాస్ దగ్గర తేలుతుంది. గ్యాస్ ధర పడుకున్న రోజు చూసి పంపండి.

"పూర్తిగా ఆన్‌చెయిన్" అనే మాట మీద నాకు కొంచెం చాదస్తం ఉంది. 2019లో లార్వా ల్యాబ్స్ ఆటోగ్లిఫ్స్‌లో బొమ్మని కాంట్రాక్టే గీస్తుంది, అక్షరాలతో. మన త్రీడీలో చెయిన్ దాచిపెట్టేది వంటకం రాసిన కాగితాన్ని, వండేది చూసేవాళ్ళ జీపీయూ. ఆ మాట వాడుకోండి, కానీ లైబ్రరీ ఏ వెర్షనో, ఎక్కడుందో పక్కనే రాయండి. లేదంటే త్రీ.జేఎస్ మానేసి గవ్వని రేమార్చింగ్‌తో (కిరణాన్ని అడుగడుగునా నడిపి ఆకారం పట్టుకోవడం) ఒకే షేడర్‌లో గీయొచ్చు, నాలుగైదు కేబీలో అయిపోతుంది. ఫోన్ మాత్రం వేడెక్కుతుంది.

గవ్వలగోల:
రేమార్చింగ్ ఈ జన్మకి కాదులెండి. పీసీజీ పెట్టాను, చారలు పోయి ఫోన్‌లో ఇసుక వచ్చింది! కానీ ల్యాప్‌టాప్ కంటే గింజలు బాగా సన్నగా ఉన్నాయి.

పాతషేడర్:
గడి నంబరు దేన్నుంచి తీస్తున్నారు? స్క్రీన్ పిక్సెల్ నుంచా?

గవ్వలగోల:
అవును, ఫ్రాగ్‌కోర్డ్ నుంచి.

పాతషేడర్:
అదీ సంగతి. ఫోన్‌లో పిక్సెళ్ళు దట్టం కాబట్టి గింజ చిన్నదైపోతోంది. పైగా గవ్వని తిప్పి చూడండి, ఇసుక దానితో తిరగదు, స్క్రీన్‌కే అంటుకుని ఉంటుంది. గవ్వ యూవీ (గవ్వ ఉపరితలం మీది స్థానం) తీసుకుని ఫ్లోర్ చేయండి.

గవ్వలగోల:
తిప్పి చూశాను. నిజమే, ఇసుక కదలట్లేదు. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా గమనించలేదు నేను! మారుస్తున్నా.